అత్తగారి ఒప్పుకోలు ఎందుకమ్మా?

"నాకు 27 ఏళ్లు. పాపకు నాలుగేళ్లు, బాబుకు ఎనిమిది నెలలు. రెండూ సిజేరియన్లే. రక్తం 8.4 ఉందన్నారు. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మీరు చేయించుకోండి అని మావారిని అడిగితే 'అమ్మ ఒప్పుకుంటే సరే' అన్నారు. అత్తయ్య ఒకటే ఏడుపు. మగాడికి కోతేమిటి, నడుం పడిపోతే ట్రాక్టర్ ఎవరు నడుపుతారు అని. (అప్పు చేసి ఆ ట్రాక్టర్ కొన్నప్పుడు ఆయన అత్తయ్యకు మాటమాత్రం చెప్పలేదు.) మళ్లీ నెల తప్పుతుందేమోనని పిల్లల దగ్గరే పడుకుంటున్నాను. ఆయనకు చిరాకు. అత్తయ్యను ఎలా ఒప్పించాలి?"
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

ఒప్పించకండమ్మా. మీకు చిక్కు అత్తగారితో లేదు. బ్రాకెట్లో రాసి వదిలేసిన ఆ ట్రాక్టర్ సంగతే అసలు సంగతి. లక్షల అప్పుకు అడ్డురాని అమ్మ, పది నిమిషాల ఆపరేషన్‌కు అడ్డొచ్చిందా? భయం ఆయనది. పైకి చెప్పుకోలేక తల్లి కొంగు చాటుకు వెళ్లారు.

పెద్దావిడ భయం ఊరికే రాలేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 82 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నూటికి 75 మగవాళ్లకే, చాలాచోట్ల బలవంతంగా. ఆ దెబ్బకు తర్వాతి ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడం మానేసి ఆడవాళ్ల వైపు తిరిగాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లు నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ అయినవాళ్లే. మగవాళ్లు ఒక్కరు కూడా తేలరు. మనం ఆచారం అనుకుంటున్నది యాభై ఏళ్లది కూడా కాదు.

ఇక ఆయనకు తెలియాల్సినవి. కోత లేని వేసెక్టమీలో (మగవాళ్లకు చేసే ఆపరేషన్) మత్తు అక్కడి వరకే ఇస్తారు. చిన్న రంధ్రం చేసి వీర్యనాళాలు కత్తిరించి ముడేస్తారు, కుట్లుండవు. కాసేపు కూర్చోబెట్టి ఇంటికి పంపేస్తారు. మగతనపు హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, ఆ నాళంలోంచి పోదు. కాబట్టి కోరికా తగ్గదు, నడుమూ పడిపోదు. రెండ్రోజులు విశ్రాంతి, బిగుతైన లోదుస్తులు. వారం పాటు ట్రాక్టర్, సైకిల్, బస్తాలు వద్దు. వాపు పెరిగినా జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అందరూ తప్పు చేసేది తర్వాత. ముడి పడిన చోటికి అవతల మిగిలిన వీర్యకణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా నిరోధ్ తప్పదు. మూడు నెలలు నిండాక వీర్యపరీక్ష చేయించి, 'కణాలు లేవు' అన్న రిపోర్టు మీ బీరువాలో పెట్టుకోండి. ఆ పరీక్ష మానేసి ఈలోగా మీరు నెల తప్పారనుకోండి, ఊరు ఆపరేషన్‌ను అనుమానించదు, మిమ్మల్ని అనుమానిస్తుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

నిబంధనల ప్రకారం పెళ్లయి, 60 ఏళ్ల లోపుండి, ఏడాది దాటిన బిడ్డ ఒకరుంటే చాలు. సంతకం ఆయన ఒక్కరిదే. తల్లిది అక్కర్లేదు, మీదీ అక్కర్లేదు. ఏ ఆసుపత్రిలో ఏ రోజు చేస్తారో మీ ఏఎన్ఎంను అడిగి ఉంచండి. సర్జన్‌తో మాత్రం ఆయన ఒక్కరినే మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి. మీ ముందు అడగలేని ప్రశ్న ఒకటి ఆయన మనసులో ఉంటుంది. అత్తగారికి చెప్పడం, మానడం ఆయన ఇష్టం. మీ నోటితో చెప్పకండి.

ఆయన కాదంటారా, అయినా పరుగెత్తి మీరు ట్యూబెక్టమీ (ఆడవాళ్లకు చేసే ఆపరేషన్) చేయించుకోనక్కర్లేదు. రక్తం 7 కన్నా తగ్గితే ఆ ఆపరేషన్ వాయిదా వేస్తారు. మీరు ఆ గీతకు దగ్గర్లోనే ఉన్నారు. ముందు ఐరన్ మాత్రలు మొదలుపెట్టండి. కాపర్-టీతో నెలసరి ఎక్కువవుతుంది, మీకు ఇప్పుడు వద్దు. పీహెచ్‌సీలో మూడు నెలలకోసారి ఉచితంగా ఇచ్చే, గర్భం రాకుండా ఆపే 'అంతర' ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగండి, పాలిచ్చే తల్లులకూ ఇస్తారు. నిరోధ్ కూడా అక్కడే ఇస్తారు. ఈసారి అది తెచ్చే పని ఆయనకు అప్పజెప్పండి.