భార్య పేరున ఇల్లు, భర్త పేరున కూకట్‌పల్లి ఫ్లాట్

ప్రశ్న: మేము 2021 నుంచి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. ఒక పాప. నా జీతం ఏడాదికి 58,000 పౌండ్లు. 3,20,000 పౌండ్లకి ఒక ఇల్లు నచ్చింది. మావారికి 2023లో క్రెడిట్ కార్డు డిఫాల్ట్ పడింది, అందుకని నా ఒక్కదాని పేరు మీదే మార్ట్‌గేజ్‌కి, అంటే ఇంటి లోన్‌కి, వెళ్దామనుకుంటున్నాం. మా దగ్గర 30,000 పౌండ్లు ఉన్నాయి. తెనాలి దగ్గర పొలం అమ్మిన డబ్బులోంచి నాన్న 36 లక్షలు ఇస్తానన్నారు. పెళ్ళయినవాళ్ళకి ఒక్కరి పేరు మీద ఇస్తారా? నాన్న డబ్బుని బ్యాంకు ఒప్పుకుంటుందా? నా పేరున ఎక్కడా ఆస్తి లేదు. మావారికి కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం.

జవాబు: ఇస్తారు. ఒప్పుకుంటుంది. మీరడిగిన రెండింటికీ జవాబు ఇంతే. నన్ను ఆపింది మాత్రం మీరు చివర్లో మాటవరసకి రాసిన ఆ కూకట్‌పల్లి ఫ్లాట్.

మార్ట్‌గేజ్ విషయంలో బ్యాంకు మిమ్మల్ని ఒక్క మనిషిగానే చూస్తుంది. స్టాంప్ డ్యూటీ దగ్గర అలా కాదు. కలిసి కాపురం చేస్తున్న భార్యాభర్తల్ని ఇంగ్లండ్‌లో ఒకే లెక్కలో కడతారు. ఇద్దరిలో ఎవరికైనా ప్రపంచంలో ఎక్కడైనా 40,000 పౌండ్లు, అంటే పౌండు సుమారు రూ.120 లెక్కన 48 లక్షలు, ఆ పైన విలువ చేసే ఇల్లు ఉంటే, కొత్తగా కొనేది రెండో ఇల్లు కిందికే వస్తుంది. రెండో ఇంటికి మామూలు డ్యూటీ మీద అదనంగా సర్‌ఛార్జి పడుతుంది. 2024 అక్టోబరు 31 నుంచి అది 3 శాతం నుంచి 5 శాతానికి పెరిగింది. పైగా సర్‌ఛార్జి పడితే మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకిచ్చే రాయితీ కూడా పోతుంది.

మీ ఇంటికే లెక్క వేద్దాం. ఆ ఫ్లాట్ లేకపోతే మొదటి 3 లక్షల పౌండ్ల మీద డ్యూటీ ఉండదు, మిగతా 20,000 మీద 5 శాతం. మొత్తం 1,000 పౌండ్లు. ఫ్లాట్ ఉంటే రాయితీ లేని డ్యూటీ 6,000, మొత్తం ధర మీద 5 శాతం సర్‌ఛార్జి 16,000, కలిపి 22,000. మీ 30,000, నాన్నగారి 36 లక్షలకి వచ్చే మరో 30,000 కలిపి మీ డిపాజిట్, అంటే ఇంటికి చేతి నుంచి పెట్టే డబ్బు, 60,000. ఈ డ్యూటీ అందులో మూడో వంతు కంటే ఎక్కువ. జీతానికి నాలుగున్నర రెట్ల చొప్పున మీకు సుమారు 2,61,000 అప్పు పుడుతుందనుకోండి. మీ 60,000 డిపాజిట్‌తో లెక్క సరిగ్గా సరిపోతోంది. అందులోంచి 22,000 డ్యూటీకి పోతే 2,82,000 అప్పు కావాలి. అంత రాదు. సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయర్) ఫీజు, సర్వే ఖర్చు నేనింకా కలపనేలేదు.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఆ ఫ్లాట్ సంగతి. అమ్మేటట్టయితే ఈ ఇంటి కొనుగోలు పూర్తయ్యే రోజుకి అది మీవారి చేతుల్లో ఉండకూడదు. తర్వాత అమ్మి సర్‌ఛార్జి వెనక్కి తెచ్చుకోవడం, ఈ మూడేళ్ళలో అందులో మీరు కాపురం ఉంటేనే కుదురుతుంది. మీరు అక్కడ లేరు. ఎన్నారై అమ్ముతున్న ఆస్తి కాబట్టి కొనేవాళ్ళు మీకిచ్చే సొమ్ములోంచి ముందుగానే పన్ను (టీడీఎస్) పట్టుకోవాలి, దానికి కొంత టైమ్ పడుతుంది. పేరుకి అత్తగారికి రాసేసి ఇల్లు కొన్నాక తిరిగి రాయించుకుందాం అనే ఆలోచన వస్తే అక్కడే వదిలేయండి.

అమ్మాక మీ ఒక్కరి పేరున కొనడం మీకే లాభం. ఇద్దరి పేరునా కొంటే, మీవారికి ఒకప్పుడు ఇల్లుండేది కాబట్టి మొదటిసారి రాయితీ రాదు, డ్యూటీ 6,000 అవుతుంది. మీ ఒక్కరి పేరున అయితే 1,000. అయితే మీ పేరున నిజంగానే ఏమీ లేదా అన్నది అమ్మగారిని ఒకసారి అడగండి. పసుపు కుంకుమ కింద రాసిన ఇంట్లో వాటా, తాతగారి ఇంట్లో వారసత్వపు వాటా మనకి గుర్తుండవు. ఖాళీ స్థలం, పొలం ఉన్నా ఫరవాలేదు. ఇల్లయితే వాటా ఉన్నా రాయితీ పోతుంది.

ఇక బ్యాంకు సంగతి. పెళ్ళయినంత మాత్రాన మీవారి డిఫాల్ట్ మీ క్రెడిట్ ఫైల్లోకి, అంటే మీ అప్పుల చరిత్రలోకి, రాదు. జాయింట్ అకౌంటో, కలిసి తీసుకున్న అప్పో ఉంటేనే ఇద్దరి ఫైళ్ళకీ లంకె పడుతుంది. ఉంటే బ్రోకర్‌కి ముందే చెప్పండి. డిఫాల్ట్ ఆరేళ్ళు కనిపిస్తుంది, దాచడానికి లేదు. ఆయన జీతాన్ని లెక్కలోకి తీసుకోరు, పాప ఖర్చు మాత్రం తీసుకుంటారు.

మీవారి చేత ఒక అంగీకార పత్రం మీద సంతకం పెట్టిస్తారు. ఇంట్లో ఉంటాను గానీ నా హక్కు బ్యాంకు హక్కు తర్వాతే అని దాని సారాంశం. దీని వెనక 1980 నాటి హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) తీర్పు ఉంది. ఇల్లు భర్త పేరున ఉంది, కొనడానికి భార్య కూడా డబ్బు పెట్టింది, అక్కడే ఉంటోంది. బాకీ కోసం బ్యాంకు ఇల్లు తీసుకోబోతే ఆమె హక్కే నిలబడింది. అప్పటి నుంచీ బ్యాంకులకి ఈ జాగ్రత్త. సంతకానికి ముందు మీవారు విడిగా ఒక సొలిసిటర్‌ని కలవాల్సి రావచ్చు. చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి.

నాన్నగారి డబ్బుకి ఒక ఉత్తరం కావాలి: ఇది బహుమతి, అప్పు కాదు, ఇంట్లో నాకు వాటా వద్దు అని. అది నిజమైతేనే సంతకం పెట్టించండి. "తమ్ముడి పెళ్ళి టైమ్‌కి సర్దేద్దాంలే" అని ఇంట్లో అనుకుని ఉంటే అది అప్పే, ఆ ఉత్తరం అబద్ధం అవుతుంది. మీ సొలిసిటర్ పొలం అమ్మిన దస్తావేజు, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐడీ అడుగుతారు. తెలుగులో ఉన్న కాగితాలకి ఇంగ్లీషు అనువాదం కావాలి. మన దగ్గర పొలాల బేరం ఎలా జరుగుతుందో మీకూ తెలుసు, కొంత బ్యాంకులో, కొంత చేతికి. చేతికొచ్చినది ఇక్కడ పనికిరాదు. దస్తావేజులో రాసిన మొత్తానికీ, బ్యాంకులో పడిన మొత్తానికీ పొంతన ఉందో లేదో ఇప్పుడే చూడండి. విదేశీ బహుమతిని ఒప్పుకోని బ్యాంకులు కొన్ని ఉన్నాయి, వీసా మీద ఉన్నవాళ్ళని ఎక్కువ డిపాజిట్ అడిగేవీ ఉన్నాయి. అందుకే నేరుగా బ్యాంకుకి కాకుండా బ్రోకర్ దగ్గరికి వెళ్ళమంటాను.

మీరు అడగలేదు గానీ, అమ్మాయి ఒక్కదాని పేరునే ఉంటే తన డబ్బు భద్రం అని నాన్నగారి మనసులో ఉండే ఉంటుంది. విడాకుల దాకా వస్తే ఇంగ్లండ్ కోర్టు కాపురమున్న ఇంటిని ఎవరి పేరున ఉన్నా పంపకంలోకి తెస్తుంది. అది ముఖ్యమనుకుంటే మీరిద్దరూ చెరో లాయర్‌తో పోస్ట్‌నప్, అంటే పెళ్ళయ్యాక ఆస్తుల గురించి చేసుకునే ఒప్పందం, రాసుకోవచ్చు. కోర్టు దానికి కట్టుబడాలని లేదు, విలువైతే ఇస్తుంది.

పంపే పద్ధతిలో కొంత మిగుల్చుకోవచ్చు. ఇండియా నుంచి విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు కాబట్టి పరిమితితో ఇబ్బంది లేదు. ఇబ్బంది టీసీఎస్‌తోనే, అంటే పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్నుతో. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం. నాన్నగారు 36 లక్షలూ ఒకేసారి పంపితే 5.2 లక్షలు పట్టుకుంటారు, అదీ 36 లక్షల పైన. అంటే ఆ రోజు ఖాతాలో 41.2 లక్షలు ఉండాలి. రిటర్న్ వేస్తే సర్దుబాటో రీఫండో వస్తుంది, కానీ నెలల తరబడి డబ్బు ఇరుక్కుంటుంది. అమ్మగారికి సొంత ఎఫ్‌డీలు, పాన్ ఉంటే ఇద్దరూ మార్చిలో చెరో 9 లక్షలు, ఏప్రిల్‌లో చెరో 9 లక్షలు పంపితే టీసీఎస్ పడదు. అప్పుడు ఉత్తరాలు, స్టేట్‌మెంట్లు ఇద్దరివీ కావాలి. కూతురికిచ్చే బహుమతి మీద ఇండియాలో మీకు పన్ను లేదు, ఇక్కడ అందుకున్నందుకు ఆదాయపు పన్నూ లేదు.

ఫ్లాట్ అమ్మితే ఆ డబ్బు మీవారి ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలకుండే బ్యాంకు ఖాతా) ద్వారా ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు. అది చేతికొస్తే నాన్నగారి నుంచి 36 లక్షలూ అవసరమేనా అని ఇంట్లో మాట్లాడుకోండి. పొలం డబ్బు ఆయన వయసులో ఆయన దగ్గర ఉండటమే నాకు నచ్చుతుంది.