జీతం పడగానే ఓడీలోకే పోతోంది, బయటపడేదెలా?

జీతం ఒకటో తారీఖున పడుతుంది, నెలాఖరుకల్లా ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక లిమిట్ దాకా వాడుకోనిచ్చే బ్యాంకు అప్పు) మళ్లీ లిమిట్ అంచుకు చేరుతుంది, రెండేళ్లుగా ఇదే వరస, ఖర్చులన్నీ రాసుకున్నా దారి దొరకట్లేదు అని విజయవాడ నుంచి అడిగారు కదండీ. మాది గుంటూరు, కొరిటెపాడు. మా వారి జీతం ఖాతా మీద లక్షన్నర లిమిట్ ఇచ్చారు. నాలుగేళ్లు అందులోనే బతికాం.

మేమూ నెల ఖర్చులు రాశాం. ఆర్నెల్లు రాశాక తేలిందేమిటంటే, పాలల్లో, కూరగాయల్లో, పెట్రోల్లో దొంగెవరూ లేడు. ఒకసారి మా వారు ఏడాది స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించుకొచ్చారు. ఓడీ ఎగబాకిన చోటల్లా ఎర్ర పెన్నుతో గీత పెడితే గీతలన్నీ మార్చికీ జూన్‌కీ మధ్యే పడ్డాయి. ఎండుమిర్చి, కందిపప్పు, చింతపండు ఏడాదికి సరిపడా కొనేది అప్పుడే. ఆవకాయ కాయలు, నూనె. ఆ వెంటనే స్కూల్ ఫీజు, పుస్తకాలు, బండి ఇన్సూరెన్స్. ఏటా వచ్చేవే, ఏటా కొత్తగా కంగారుపడి ఓడీలోంచి లాగేవాళ్లం. మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ కాగితం పక్కన పెట్టుకుని అవన్నీ కూడితే 71,000 తేలింది. నెలకు దాదాపు 6,000 అన్నమాట. నా పద్దుల పుస్తకంలో ఆ ఆరువేలకు చోటే లేదు!

సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. ఓడీకి 14 శాతం కడుతూ, అదే బ్యాంకులో ఆరున్నర శాతానికి నెలకు 3,000 ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేస్తున్నాం, పొదుపు చేస్తున్నామన్న తృప్తి కోసం. మా బాకీ 1,20,000 మీద రోజుకు 46 రూపాయల వడ్డీ. ఏ రోజు బాకీకి ఆ రోజే లెక్కగట్టి నెలాఖరున ఖాతాలోంచే కోస్తారు, అది మళ్లీ అసలులో కలుస్తుంది. ఆర్‌డీ మధ్యలో ఆపితే వడ్డీ కొంచెం తగ్గిస్తారు, అయినా ఆపేశాం. 36,000 వచ్చింది. నా పాత గొలుసు అమ్మితే 50,000. తాకట్టు పెట్టమన్నారు చాలామంది. వడ్డీ తక్కువే గానీ, ఏటేటా రెన్యువల్ చేయించుకుంటూ కూర్చునే రకం మేము, మా సంగతి నాకు తెలుసు. తరుగు కింద పోయింది పోయింది.

మిగిలిన బాకీ 34,000. ఆర్‌డీ డబ్బు 3,000, తగ్గిన వడ్డీ మరో వెయ్యి, నెలకు 4,000 ఓడీకి. లెక్క ప్రకారం తొమ్మిది నెలలు. మధ్యలో మా అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చి పదకొండు పట్టింది.

అసలు పని చేసింది మాత్రం లిమిట్ తగ్గించడం. గొలుసు డబ్బు కట్టిన రోజే 40,000కి దించమని మా వారు లెటర్ ఇచ్చారు. "వాడకపోతే వడ్డీ పడదు కదా సార్, ఉండనివ్వండి" అన్నారు కౌంటర్లో. నిజమే, కానీ ఉంటే వాడతాం. తర్వాత మూణ్నెల్లకోసారి 12,000 చొప్పున తగ్గించుకుంటూ పోయాం.

ఏడాది ఖర్చుల 6,000 రెండో తారీఖునే వేరే బ్యాంకులో నా పేరు మీదున్న ఖాతాకు పంపేస్తాం. దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు. ఆ డబ్బు ఓడీలోనే ఉంచితే వడ్డీ కొంత మిగిలేది. లెక్కల మాస్టారైతే తప్పనే అంటారు. అయినా నాకు అదే నయమనిపించింది. ఈ ఏడు మిర్చి ఆ ఖాతాలోంచే కొన్నాం.

ఒక్కటి మాత్రం చూసుకోండి. లిమిట్ తగ్గించమనే ముందు ఆ ఖాతాలోంచి ఏ ఈఎంఐ ఏ తారీఖున కట్ అవుతుందో రాసుకోండి. మేము చూసుకోలేదు. లిమిట్ తగ్గిన మొదటి నెలే బండి ఈఎంఐ బౌన్స్ అయింది, బ్యాంకు ఒక ఛార్జీ, ఫైనాన్స్ వాళ్లు ఇంకో ఛార్జీ వేశారు.