లయ తప్పిన కొద్దీ గుండె కణాలూ మారతాయి

ప్రశ్న: మా నాయనకు 64 ఏళ్లు. మొదట్లో గుండెదడ వచ్చినా పూటలోపే దానంతటదే తగ్గేది. తర్వాత నెలకోసారి వచ్చేది, ఇప్పుడు పది రోజులుగా విడవడం లేదు. ఈసీజీ చూసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి అదరడం) అన్నారు. యాంజియోగ్రామ్‌లో అడ్డంకులేమీ లేవు. దానంతటదే తగ్గేది ఇప్పుడెందుకు తగ్గట్లేదు? లయ సరిచేసే కరెంటు షాక్ ఇస్తామంటూనే మూడు వారాలు ఆగమన్నారు, ఎందుకు?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: అడ్డంకులు రక్తనాళాల సంగతి, ఇది గుండె కరెంటు సంగతి. దడ తిష్ఠ వేయడానికి చాలా వరకు ఆ దడే కారణం. లయ తప్పిన ప్రతిసారీ గుండె పై గదుల్లోని కణాలు కొంత మారతాయి. ఆ మార్పు తర్వాతి దడను ఇంకాస్త సేపు నిలబెడుతుంది.

విశ్రాంతిలో ఉన్న కణం లోపల సుమారు మైనస్ 80 మిల్లీవోల్టులు ఉంటుంది. సంకేతం తగలగానే సోడియం ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. ఆ వెనుక కాల్షియం నిదానంగా వస్తుంది. కణం ముడుచుకునేది దానివల్లే. చివరికి పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ విశ్రాంతికి చేరుతుంది. ఇదంతా సెకనులో నాలుగో ఐదో వంతులో జరిగిపోతుంది. ఆ వ్యవధిలో చాలా భాగం కణం కొత్త సంకేతాన్ని తీసుకోదు. గుండెకున్న పెద్ద రక్షణ ఇదే: చుట్టు తిరిగొచ్చిన సంకేత తరంగం దారి దొరక్క అక్కడే ఆరిపోతుంది.

ఫిబ్రిలేషన్‌లో పై గదులు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతాయి. అదిరిన ప్రతిసారీ కాల్షియం లోపలికి వస్తే కణం తట్టుకోలేదు. అందుకే అది తన కాల్షియం చానళ్లను (కాల్షియం లోపలికొచ్చే దారులను) తగ్గించుకుంటుంది. పొటాషియం ప్రవాహాల్లో ఒకటి పెరుగుతుంది కూడా. కణం తనను తాను కాపాడుకోబోయి చేసే పనే ఇది. కానీ దానివల్ల సంకేతం పొట్టిదవుతుంది, కొత్త సంకేతాన్ని తీసుకోని ఆ వ్యవధి కుంచించుకుపోతుంది. తిరిగొచ్చిన తరంగానికి ఇప్పుడు కణం సిద్ధంగా దొరుకుతుంది. చిన్న చిన్న చుట్లు కూడా ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి.

1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు మేకల మీద దీన్ని చూపించారు. పరికరంతో పదే పదే ఫిబ్రిలేషన్ తెప్పిస్తే మొదట్లో అది సెకన్లలో ఆగిపోయేది. వారం పది రోజులు అలాగే సాగిస్తే చాలా మేకల్లో రోజంతా ఆగలేదు. లయ సరిచేశాక కణాల విద్యుత్ స్వభావం మళ్లీ వారంలోపే మామూలైంది. అయితే దడ నెలల తరబడి సాగితే పీచు కణజాలం పెరిగి గది సాగిపోతుంది. అది అంత తేలిగ్గా వెనక్కి రాదు. చూద్దాంలే అని వాయిదా వేయొద్దనేది ఇందుకే.

ఇక మూడు వారాల సంగతి. అదిరే గది సరిగా పిండదు కనుక ఎడమ పై గదికి అంటుకుని ఉండే చిన్న సంచిలో రక్తం గడ్డకట్టవచ్చు. షాక్ ఇచ్చాక ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతమే. అందుకే రక్తం పలచబడే మాత్ర మూడు వారాలు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలి. ఆగే వీల్లేకపోతే గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకోలో గడ్డ లేదని ముందు తేల్చుకుంటారు. షాక్ తర్వాత కనీసం నాలుగు వారాలు మాత్ర కొనసాగాలి. ఈసీజీ బాగైందని మాత్ర ఆపేసి చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఈసీజీ ఆ క్షణమే బాగైపోయినా గది పిండే శక్తి కోలుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బీపీ, షుగర్, వయసును బట్టి కొందరికి ఆ మాత్ర జీవితాంతం అవసరం. షాక్‌కు ముందే థైరాయిడ్, పొటాషియం పరీక్షలు చేయించండి. విరేచనాలు అయినా, నీరు పోయే మాత్రలు వాడుతున్నా పొటాషియం పడిపోతుంది. అప్పుడు సరిచేసిన లయ కూడా నిలవదు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమ్మకు ఇదే జబ్బు. ఇంట్లో బీపీ మిషన్ నాడి 78 చూపిస్తే, డాక్టర్ స్టెతస్కోప్‌తో 104 అన్నారు. మిషన్ పాడైందా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: పాడైందని అనుకోనక్కర్లేదు. లయ తప్పినప్పుడు కొన్ని దెబ్బలు మరీ తొందరగా పడతాయి. కింది గది నిండకముందే ముడుచుకుంటుంది కనుక ఆ దెబ్బ మణికట్టు దాకా రాదు. ఇద్దరు కూర్చుని ఒకరు స్టెతస్కోప్‌తో ఛాతీ మీద, ఇంకొకరు మణికట్టు దగ్గర ఒకే నిమిషం లెక్కపెడితే తేడా తెలుస్తుంది. పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఈ జబ్బులో లెక్క తప్పుతుంది. బీపీ కూడా మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

ప్రశ్న: నాకు కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండె ఎడమ పై, కింది గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం బాగా సన్నబడింది, దడ కూడా ఉంది. రక్తం పలచబడే మాత్ర వార్ఫరిన్ వాడుతున్నా. రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలకు మారవచ్చా? ఆకుకూరలు మానేయాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మారకండి. ఈ రకం కవాట జబ్బులో ఇప్పటికీ వార్ఫరిన్ జాతి మందే సరైనది. 2022లో వెలువడిన పెద్ద అధ్యయనంలో కొత్త మాత్ర రివరోక్సబాన్ దాని ముందు నిలవలేదు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష ఐఎన్ఆర్ 2కూ 3కూ మధ్య ఉండాలి. తోటకూర, గోంగూర మానక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో తినండి. ఒక వారం రోజూ తిని, మరుసటి వారం అసలు ముట్టకపోతే ఐఎన్ఆర్ అటూ ఇటూ ఊగుతుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకోవద్దు, కడుపులో రక్తస్రావం కావచ్చు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మాత్రలు వేసుకోకండి.