తెరచాపతో నడిచిన చేపల ట్రాలర్లు ఇంకా ఉన్నాయా? వాటి చరిత్ర ఎలా తెలుస్తుంది?

ఉన్నాయండి, కొన్ని. ట్రాలర్ అంటే వలను సముద్రం అడుగున ఈడ్చుకుంటూ చేపలు పట్టే పడవ. ఇంగ్లండు నైరుతి మూలన డెవన్‌లో బ్రిక్సమ్ అనే చేపల రేవు ఉంది. నేను చూసినవి అక్కడివే. 2018 వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. నాన్న కాకినాడలో బోటు మీద కలాసీగా పదిహేనేళ్లు చేశారు. లండన్ చూపిస్తే మొహమాటానికి తల ఊపారు గానీ, ఇక్కడ మాత్రం కారు ఆగకముందే తలుపు తీశారు.

చరిత్ర వెతికేటప్పుడు నేను చేసిన తప్పు ముందు చెబుతాను. మీరూ అదే చేస్తారని నా అనుమానం.

1915 జనవరి 1న ఫార్మిడబుల్ అనే బ్రిటిష్ యుద్ధనౌకను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. 500 మందికి పైగా చనిపోయారు. తుఫాను సముద్రంలో నీళ్లు నిండిపోతున్న ఒక చిన్న పడవలో కొట్టుకుపోతున్న 71 మందిని బ్రిక్సమ్ ట్రాలర్ ఒకటి కాపాడింది. దాని పేరు ప్రావిడెంట్, సరంగు విలియం పిల్లర్. మొత్తం మనుషులు నలుగురే, వాళ్లలో ఒకడు కుర్రాడు. ఇంజను లేదు. ఆ గాలిలో తెరచాపలతోనే పడవను తిప్పుకుంటూ, పదే పదే దగ్గరికి వెళ్లి తాడు అందుకుని లాగారు. ఈ కథ నేను చదివి ఉన్నాను. రేవులో ప్రావిడెంట్ అన్న పేరు కనబడగానే నాన్నకి ఊపుగా మొత్తం చెప్పేశాను, "ఇదే నాన్నా ఆ పడవ" అని.

పక్కన తాడు చుడుతున్న ఒక పెద్దాయన అంతా విని (తెలుగు రాకపోయినా ఫార్మిడబుల్, పిల్లర్ అన్న మాటలు పట్టేశాడు) నవ్వాడు. ఆ ప్రావిడెంట్ 1916 నవంబరులోనే మునిగిపోయింది. దాన్నీ జర్మన్ జలాంతర్గామే ముంచింది. మేం చూస్తున్నది 1924లో పక్కనే ఉన్న గాంప్టన్‌లో కట్టిన వేరే పడవ, పేరు మాత్రమే అదే. నాన్న నన్నేమీ అనలేదు, నా వంక ఒకసారి చూశారంతే.

కాబట్టి పేరును నమ్మకండి. ఒకే పేరుతో రెండు మూడు పడవలు ఉండడం మామూలే. నంబరు చూడండి. 1868 నాటి చట్టంతో ప్రతి చేపల పడవకీ రేవు అక్షరాలు, ఒక నంబరు తప్పనిసరి అయ్యాయి. పడవ ముక్కు మీదా తెరచాప మీదా పెద్దగా రాసేవారు. మునిగిన ప్రావిడెంట్ బీఎం 291, ఇప్పుడున్నది బీఎం 28. బీఎం అంటే బ్రిక్సమ్, ఎల్‌టీ అంటే ఇంగ్లండు తూర్పు తీరంలోని లోస్టాఫ్ట్ రేవు. 1900ల తొలి ఏళ్ల దాకా బ్రిక్సమ్ పడవలు కూడా పక్కనున్న డార్ట్‌మత్ రేవు అక్షరాలు డీహెచ్ వేసుకునేవి. పైగా ఒక పడవ పోతే దాని నంబరు ఇంకో పడవకి ఇచ్చేసేవారు, కనుక ఏ సంవత్సరమో తెలియకపోతే అదీ మోసం చేస్తుంది.

పెద్ద ట్రాలర్లకైతే ఇంకో నంబరు ఉంటుంది, ఓడల రిజిస్టర్‌లో ఇచ్చేది. పేరు మారినా, యజమాని మారినా, బ్రిటిష్ రిజిస్టర్‌లో ఉన్నంత కాలం అది మారదు. లోపల అడ్డదూలం మీద ఉలితో చెక్కి ఉంటుంది. రంగు మీద రంగు వేసి సగం పూడిపోయినా వేలితో తడిమితే అంకెలు తెలుస్తాయి. నిజమైన చిరునామా అది.

ఇక నాన్న. ఆయన చరిత్ర వినలేదు, పడవ పక్కన పొడుగ్గా వేలాడదీసిన దుంగ దగ్గరే ఆగిపోయారు. "ఏరా, ఇంతోటి దుంగ వలకెందుకు?" అన్నారు. వల నోరు తెరిచి ఉంచడానికి. పెద్ద పడవలకు అది సుమారు 40 అడుగులు ఉండేది, రెండు చివరలా ఇనప చట్రాలు. మన మరబోట్లలో ఆ పని బోర్డులు (లాగేటప్పుడు నీటి ఒత్తిడికి పక్కలకి విచ్చుకుని వల నోరు తెరిచే రెండు పలకలు) చేస్తాయి కదా, మరి వీళ్లకి అవెందుకు లేవు అని ఆయన సందేహం. కాసేపటికి జవాబూ ఆయనే చెప్పారు: బోర్డులు విచ్చుకోవాలంటే పడవ ఒకే వేగంతో లాగాలి, గాలిని నమ్ముకుంటే అది కుదరదు. గాలి తగ్గినా దుంగ మాత్రం వల నోరు మూసుకోనివ్వదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఆ తెరచాపల ఎరుపు కూడా సోకు కోసం కాదు. నూలు గుడ్డ ఉప్పునీటికి కుళ్లకుండా ఓక్ చెట్టు బెరడు, కొవ్వు, తారు, బ్రిక్సమ్‌లోనే తవ్విన ఎర్రమట్టి కలిపి కాచి పట్టించేవారు. నైలాన్ రాకముందు మా ఊళ్లో నూలు వలల్ని తుమ్మచెక్క కాచిన నీళ్లలో ముంచేవారని నాన్న అన్నారు.

అవి ఎందుకు పోయాయంటే, ఆవిరి ట్రాలర్లు వచ్చాయి, తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. జలాంతర్గాములు ముంచినవి పోగా, యుద్ధంలో మునిగిన ఓడల శిథిలాలు సముద్రం అడుగున పడి ఉండి వలల్ని చింపేసేవి. అయినా 1926లో విజిలెన్స్ అనే తెరచాప ట్రాలర్ కట్టారంటే వాళ్ల మొండితనం అర్థం చేసుకోవచ్చు. నిజానికి మిగిలిన పడవల్లో కొన్ని బతికింది అమ్ముడుపోయి దేశం దాటడం వల్లే. 1892 నాటి లీడర్ గాంప్టన్‌లో పుట్టి, లోస్టాఫ్ట్ నుంచి చేపలు పట్టి, స్వీడన్‌కి పోయి, లోర్న్ లీడర్ అన్న పేరుతో స్కాట్లండ్‌లో తిరిగి, చివరికి డెవన్ చేరింది. 1895 నాటి పిల్‌గ్రిమ్ కూడా అలాగే విదేశాలు తిరిగి 1999లో సొంత రేవుకి వచ్చింది.

మీరు ఏదైనా ఒక పడవ కోసం వెతుకుతుంటే ముందు ఫొటోలో తెరచాప మీది అక్షరాలు, నంబరు రాసుకోండి. బ్రిక్సమ్‌లో చిన్న మ్యూజియం ఉంది, ఉత్తరం రాస్తే సాయం చేస్తారు. పడవలో పని చేసిన మనిషి కోసమైతే 1915 నాటి సిబ్బంది జాబితాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, పేరుతో వెతకొచ్చు. ఆ నలుగురి కోసం నేను మొదట అక్కడే చూడాల్సింది.