చిట్టీ పాడి కెమెరా కొనొచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌ని. జీతం 24,000. ఇంట్లో 10,000 ఇస్తాను, చిట్టీకి 5,000, నా ఖర్చులు 5,000. బ్యాంకులో 85,000 ఉన్నాయి. ఆదివారాలు పుట్టినరోజులకు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు తీద్దామని డీఎస్ఎల్ఆర్ కొనాలనుకుంటున్నాను. రెండు లెన్సుల కిట్ 54,000 అన్నారు. 9 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా? లేక లక్ష చిట్టీ పాడేయనా? 20 నెలల్లో 8 కట్టాను. ఇప్పుడైతే 20,000 వదులుకోవాలట.

జవాబు: చిట్టీ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ 20,000 కలిపితే 54,000 కెమెరా మీకు 74,000 పడినట్టే. పాడేశాక కూడా మిగతా 12 నెలలు కట్టక తప్పదు. చివరి నెలల దాకా ఆగితే పోటీ తగ్గి, చాలావరకు చేతికొస్తుంది.

ఈఎంఐలో వడ్డీని డిస్కౌంటుగా సర్దేస్తారు గానీ, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. 15 శాతం వడ్డీ అనుకున్నా మీ విషయంలో జీఎస్టీ 600 లోపే. నా టెన్షన్ దాని గురించి కాదు. కిస్తీ నెలకు 6,000, మీకు మిగిలేది 4,000. ఆ 2,000 ప్రతి నెలా ఎక్కడి నుంచి తెస్తారు?

మీ నెల ఖర్చు చిట్టీతో కలిపి 20,000. మూడు నెలలకు సరిపడా 60,000 కదపొద్దు. వేసవి సెలవుల్లో జీతం కోసే స్కూళ్లు ఎన్ని ఉన్నాయో నాకన్నా మీకే బాగా తెలుసు. పోగా 25,000. ఇంకో మూడు నెలలు ఆ 4,000 దాస్తే మొత్తం 37,000. మీ బడ్జెట్ ఇదే. సెకండ్ హ్యాండ్‌లో ఇది నిజంగా సరిపోతుంది.

ఇప్పుడు కంపెనీల దృష్టంతా మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్‌లా లోపల అద్దం ఉండని కొత్త రకం) కెమెరాల మీదే. అందుకే కానన్ 1500డీ, నికాన్ డీ3500 లాంటి 2018 నాటి మోడళ్లు వాడినవి చవగ్గా వస్తున్నాయి. రెండూ 24 మెగాపిక్సెళ్లే. ఫొటో నాణ్యతలో మీ కస్టమర్‌కి తేడా తెలియదు.

తేడా తెలిసేది లెన్సులో. రాత్రి ఫంక్షన్ హాల్లో, అమ్మాయి తల మీద అక్షింతలు పడే క్షణం ఊహించుకోండి. కిట్‌లో వచ్చే 18-55 జూమ్ లెన్సు, పూర్తిగా దగ్గరికి జూమ్ చేస్తే ఎఫ్5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకున్నట్టు). 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి తీసుకుంటుంది. మొదటిదాంతో చేతులు అలుక్కుపోతాయి, రెండోదాంతో ఒక్కో గింజా నిలబడుతుంది. కాబట్టి కిట్‌లోని రెండో లెన్సు వదిలేసి, బాడీ, 18-55 పాతవి తీసుకుని 50 ఎంఎం కొత్తది కొనండి. రేపు కానన్ మిర్రర్‌లెస్‌కి మారినా ఆ కంపెనీ 50 ఎంఎం అడాప్టర్‌తో పనిచేస్తుంది, డబ్బు వృథా కాదు. నికాన్ వైపు వెళ్తే ఒక్క జాగ్రత్త: డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. చవగ్గా దొరికే పాత 50 ఎంఎం 'డి' లెన్సు దాని మీద ఆటోఫోకస్ చేయదు, 'జి' రకమే అడగండి.

పాతది చూడటానికి వెళ్లేటప్పుడు ఫోన్ టార్చ్ చాలు. లెన్సు వెనక నుంచి వెలుగు వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా సన్నగా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి, ఈ తరగతి కెమెరాలకు లక్ష దగ్గరికి వస్తే వయసు అయిపోయినట్టే. ఒరిజినల్ బిల్లు లేనిది ముట్టుకోవద్దు.

ఈ మూడు నెలలూ ఖాళీగా ఉండక్కర్లేదు. తెలిసినవాళ్ల ఫంక్షన్లకు కెమెరా అద్దెకు తెచ్చుకుని తీయండి. అద్దె పోను ఎంత మిగిలిందో, వాళ్లు ఇంకొకరికి మీ పేరు చెప్పారో లేదో రాసి పెట్టుకోండి. రెండో ఆర్డర్ రాకపోతే కొనే తేదీ వెనక్కి జరపండి.

కొన్నాక కూడా మొదటి ఏడాది పెళ్లిళ్లు ఒంటరిగా ఒప్పుకోవద్దు. ఈ కెమెరాల్లో కార్డు స్లాట్ ఒక్కటే. ఆ కార్డు పాడైతే ఆ ఇంటి తలంబ్రాలు మళ్లీ తీయలేరు. సీనియర్ ఎవరి దగ్గరైనా రెండో కెమెరాగా వెళ్లండి.