మతం గడిలో ‘నాస్తిక’ అని రాయవచ్చా?

సందేహం: మాది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. పాపను ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చిన తండ్రి ప్రవేశ దరఖాస్తులో ‘మతం’ అన్న గడిని ఖాళీగా వదిలేశారు. అడిగితే “మేము నాస్తికులం” అన్నారు. నేను ఆ గడిలో ‘నాస్తిక’ అని రాశాను. పక్కనే ఉన్న హైస్కూలు తెలుగు పండితులు అది చూసి, నాస్తిక అనేది మతం పేరు కాదని, పైగా అది తిట్టు అని, ‘హేతువాది’ అనో ‘లౌకిక’ అనో రాయాల్సిందని అన్నారు. ఈ మూడూ ఒకటేనా? ఏది రాయాలి? మరో సంగతి. రోజూ ఉదయం మేము ‘ప్రార్థన’ అంటున్నాం. దేవుణ్ణి నమ్మని ఇంటి పిల్లలు కూడా నిలబడే చోట ఆ మాట సరైనదేనా? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: మూడూ ఒకటి కావు. నాస్తిక అనేది మతం పేరు కాదన్న పండితుల మాట నిజం. దానికి బదులుగా వారు చెప్పిన రెండు మాటలూ ఆ గడికి పనికిరావు. అవి ఎందుకు పనికిరావో చెప్పాలంటే మాట పుట్టిన చోటికి వెళ్లాలి.

‘అస్తి’ అంటే ఉన్నది, ‘న అస్తి’ అంటే లేదు. ‘లాభం నాస్తి’ అని మనం ఇప్పటికీ అంటాం. ఈ క్రియాపదానికి ‘ఇక’ చేరి నాస్తిక అయింది. క్రియ మీద ఇలాంటి ప్రత్యయం రావడం అరుదు కాబట్టి సంస్కృత వ్యాకరణకర్త పాణిని దీనికోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు: ‘అస్తినాస్తిదిష్టం మతిః’. ఉంది అనే మతి కలవాడు ఆస్తికుడు, లేదు అనే మతి కలవాడు నాస్తికుడు. ఈ సూత్రంలోని ‘మతిః’ అన్న పదాన్ని గుర్తుంచుకోండి, మీ దరఖాస్తు చిక్కును విప్పేది అదే.

ఏది లేదనేవాడు? సూత్రంలో ఆ మాట లేదు. పాణిని సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికావృత్తి దాన్ని పూరించింది: పరలోకం ఉందనే మతి కలవాడు ఆస్తికుడు, అందుకు విరుద్ధుడు నాస్తికుడు. గమనించారా, ఇక్కడ దేవుడి ఊసే లేదు. మనుస్మృతికి వచ్చేసరికి ‘నాస్తికో వేదనిందకః’ అన్నారు. ఇప్పుడు కొలబద్ద పరలోకం కాదు, వేదం. అందువల్లనే సృష్టికర్తకు చోటివ్వని సాంఖ్యం, యజ్ఞఫలానికి ఈశ్వరుడి అవసరం లేదన్న పూర్వమీమాంస ఆస్తిక దర్శనాల్లో చేరాయి. పునర్జన్మను ఒప్పుకునే జైన బౌద్ధాలు నాస్తిక దర్శనాలయ్యాయి. దేవుడు లేడనేవాడికి పాత శాస్త్రాల్లో ఉన్న కచ్చితమైన మాట నిరీశ్వరవాది. నాస్తికుడు అన్న మాటకు ‘దేవుడు లేడనేవాడు’ అన్న అర్థం వాడుకలో స్థిరపడింది. వాడుకే ప్రమాణం కనుక దాన్ని తప్పు పట్టను.

మనుస్మృతిలోని ఆ శ్లోకాన్ని (రెండో అధ్యాయం, పదకొండోది) పూర్తిగా చదివితే ఒళ్లు జలదరిస్తుంది. హేతుశాస్త్రాన్ని ఆశ్రయించి శ్రుతి స్మృతులను అవమానించే ద్విజుణ్ణి సాధువులు బహిష్కరించాలి, వాడు నాస్తికుడు, వేదనిందకుడు అని దాని భావం. అంటే మీ పండితులు మర్యాద కోసం సూచించిన ‘హేతు’ శబ్దం, వారు తిట్టు అనుకున్న ‘నాస్తిక’ శబ్దం ఒకే శ్లోకంలో, ఒకే నేరానికి సాక్ష్యాలుగా నిలబడి ఉన్నాయి. ఆ శ్లోకం దృష్టిలో కారణం అడగడమే నాస్తికత్వానికి దారి. నాస్తికుడు అన్న పేరు ఆ మనిషి పెట్టుకున్నది కాదు, వెలివేసేవారు పెట్టినది. తిట్టుగా వినిపించడానికి కారణం అక్కడ ఉంది.

ఆ తిట్టును గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, పేరుగా మార్చుకున్నారు. నాస్తిక భావాల వల్ల కాకినాడలోను, తర్వాత మచిలీపట్నంలోను కళాశాల ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో తాను స్థాపించిన సంస్థకు ‘నాస్తిక కేంద్రం’ అని పేరు పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. మెత్తని మాటలు ఆయనకు తెలియక కాదు. ఇంగ్లండులో ఇలాంటి స్థితిలోనే జార్జ్ హోలియోక్ అనే ఉపన్యాసకుడు మరో దారి పట్టాడు. దైవదూషణ నేరం మీద 1842లో ఆరు నెలల జైలుశిక్ష పడినవాడు ఆయన. నిందతో నిండిపోయిన పాత పేరును పక్కనపెట్టి 1851లో ‘సెక్యులరిజం’ అనే కొత్త మాటను కల్పించాడు. ఒకరు మాటను మార్చారు, ఇంకొకరు మాటకున్న పరువును మార్చారు. నాకు గోరా పద్ధతే నచ్చుతుంది. తెలుగులో ఈనాడు ఒక తండ్రి బడిలో నిలబడి “మేము నాస్తికులం” అని తలవంచకుండా చెప్పగలుగుతున్నారంటే ఆ పరువు వల్లనే.

ఇక హేతువాది. తర్కశాస్త్రంలో వాదానికి ఐదు అంగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉందనడం ప్రతిజ్ఞ, పొగ ఉంది కాబట్టి అనడం హేతువు. హేతువాదం ఒక విచారణ పద్ధతి, నాస్తికత్వం ఆ విచారణ చేరగల ఒక నిర్ణయం. (పత్రికల్లో తరచు కనిపించే ‘సహేతుకమైన కారణం’లో హేతువు, కారణం ఒకటే. ‘సరైన కారణం’ అంటే చాలు.) దరఖాస్తులోని మతం గడిలో విచారణ పద్ధతి పేరు రాయడం, వృత్తి గడిలో ‘కష్టపడతాడు’ అని రాసినట్లు ఉంటుంది.

లౌకిక అసలే కుదరదు. లోకానికి సంబంధించినది లౌకికం. వైదిక వ్యవహారానికి ఎదురుగా లౌకిక వ్యవహారం అనడం మనకు చాలా కాలంగా ఉంది. నియోగులను లౌకికులు అన్నది అందుకే, లౌక్యం తెలిసినవాడు అన్నదీ ఇందులోంచి వచ్చినదే. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ ప్రవేశికలో ‘సెక్యులర్’ చేరినప్పుడు హిందీవారు ‘పంథనిరపేక్ష’ అన్నారు, మనం ‘లౌకిక’ అన్నాం. మన మాట మేలైనదని నా నమ్మకం. పంథాలను పట్టించుకోనిది అనడం కన్నా, ఈ లోకపు పనులు చూసుకునేది అనడంలో రాజ్యం చేయవలసిన పని కనిపిస్తుంది. అయితే అది రాజ్యానికి విశేషణం. రోజూ గుడికో మసీదుకో చర్చికో వెళ్లే భక్తుడు కూడా పక్కా లౌకికవాది కావచ్చు, కావాలి కూడా. పత్రికలు ‘లౌకికవాదులు’ అన్న మాటను దేవుణ్ణి నమ్మనివారికి పర్యాయంగా వాడటం వల్ల రెండు వైపులా అన్యాయం జరుగుతున్నది.

ఇదే వరుసలో ‘సర్వమత సమభావం’, ‘పరమత సహనం’ అనే మాటలు వస్తాయి. సభల్లో వేదిక మీద ముగ్గురు మతపెద్దలను కూర్చోబెట్టి సర్వమత సమభావం అంటారు. ఏ మతమూ లేనివారికి అక్కడ కుర్చీ ఉండదు. 2011 జనగణనలో మతం తెలపనివారు సుమారు 28.7 లక్షలు. వారందరూ నాస్తికులని కాదు, కానీ ‘సర్వ’ శబ్దంలో వారు ఇమడటం లేదు. చిత్రమేమిటంటే ‘మతం’ అన్న మాటకున్న పాత అర్థంలో వారు హాయిగా ఇముడుతారు. మతం అంటే తలచినది, అభిప్రాయం. ‘ఇది చిన్నయసూరి మతం’ అని వ్యాకరణం చెప్పేవారు నేటికీ అంటారు. సమ్మతం, అభిమతం, అనుమతి అన్నీ ఆ ధాతువు బిడ్డలే. ఆ అర్థంలో దేవుడు లేడన్నదీ ఒక మతమే. గడి ముద్రించినవారి ఉద్దేశం అది కాదు కనుక ఆ దారిన వెళ్లలేం.

‘నమ్మడం’ దగ్గర కూడా జాగ్రత్త అవసరం. మీరు ‘దేవుణ్ణి నమ్మని ఇంటి పిల్లలు’ అని రాశారు. తెలుగులో ద్వితీయా విభక్తితో ‘నమ్ము’ వస్తే భరోసా ఉంచడం అని అర్థం: ‘వాణ్ణి నమ్మకు’ అంటే వాడు ఉన్నాడు, కానీ మోసగాడు అని. నాస్తికుడు చెప్పేది అది కాదు, ‘దేవుడు ఉన్నాడని నమ్మను’ అని. రెండు మాటలకూ మధ్య ఎంతో దూరం ఉంది, వాదోపవాదాల్లో సగం ఆ దూరం చూసుకోకపోవడం వల్లనే పెరుగుతాయి.

ప్రార్థన సంగతి. ‘అర్థ్’ ధాతువుకు అడగడం, కోరడం అని అర్థం. అర్థి, అభ్యర్థి, అభ్యర్థన అన్నీ అక్కడివే. ప్రార్థనలో అడిగేవాడితో పాటు ఇచ్చేవాడు కూడా ఉండి తీరాలి. ఆ ఇచ్చేవాడు లేడనుకునే ఇంటి పాపను రోజూ చేతులు జోడించి నిలబెట్టడం మాటల విషయం మాత్రమే కాదు. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం ఉన్న సంస్థల్లో మతారాధనలో పాల్గొనాలని పిల్లలను బలవంతపెట్టకూడదు, సంరక్షకుల సమ్మతి ఉండాలి. ‘మతబోధన’ అనే సమాసం కూడా రెండు విధాలుగా విడిపోతుంది. మతాన్ని బోధించడం ఒకటి, మతాల గురించి బోధించడం మరొకటి. సుప్రీంకోర్టు 2002లో ఈ తేడా చూపించే, మతాల గురించి చదవడం నిషేధం కిందకు రాదని చెప్పింది. తెలుగులో రాసేటప్పుడు సమాసాన్ని విప్పి రాయండి, అప్పుడు ఏది చెబుతున్నారో మీకూ తెలుస్తుంది, వినేవారికీ తెలుస్తుంది.

నా సలహా: ఆ కార్యక్రమాన్ని ‘ఉదయ సమావేశం’ అనండి. అందులో మీరు చెప్పించే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో తెలుగులోనే రాశారు. తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు, దేశం, ప్రజలు అందరూ అందులో ఉన్నారు. ఏ దేవుడి పేరూ లేదు. ఆ లోటు ఇన్నేళ్లలో ఏ పిల్లవాడికీ తోచినట్లు లేదు. ప్రమాణాలు చేయడానికి దైవసాక్ష్యం తప్పనిసరి కాదని మన భాషకు ముందే తెలుసు; ‘ఒట్టు’ అన్న అచ్చతెలుగు మాటలో దేవుడు లేడు. గోరా కూతురి పెళ్లి సేవాగ్రాంలో తలపెట్టినప్పుడు, దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీ ఒప్పుకున్నారు. పదవీ ప్రమాణాల్లో మాత్రం మనం ‘దైవసాక్షిగా’ వద్దన్నవారి చేత ‘ఆత్మసాక్షిగా’ అనిపిస్తున్నాం. ఆత్మను ఒప్పుకోని చార్వాకుడు అలా ఎలా అనగలడు? ‘మనస్సాక్షిగా’ అన్నది అందరికీ సరిపోతుంది.

చివరికి మీ గడి. నేను బడిలో చేరిననాడు మా నాన్న ఆ గడిలో కలంతో అడ్డంగా ఒక గీత గీశారు. పదో తరగతి అయ్యాక ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు గుమాస్తా పాత రిజిస్టరు తెరిచారు. ఆ గీత మీదే మరో చేతిరాతలో ‘హిందూ’ అని ఉంది. సిరా రంగు వేరు. అక్షరాల కింద నాన్న గీత ఇంకా కనబడుతోంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అడిగే ధైర్యం అప్పుడు నాకు లేకపోయింది. నేను కూడా ఆస్తికుణ్ణి కాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఖాళీ గడి వదిలితే ఎవరో ఒకరు నింపుతారు. గీత గీసినా నింపుతారు.

అలాగని ‘నాస్తిక’ అని కూడా రాయవద్దు. పాణిని సూత్రంలోని ‘మతిః’ ఇక్కడ పనికొస్తుంది. లేదు అనే మతి కలిగినప్పుడే నాస్తిక శబ్దం వర్తిస్తుంది. ఆ తండ్రికి అది ఉంది, ఆయన నాస్తికుడు. ఐదారేళ్ల పాపకు పరలోకం గురించిగానీ ఈశ్వరుడి గురించిగానీ ఏ మతీ ఇంకా ఏర్పడలేదు. పెద్దయ్యాక ఆమె నాస్తికురాలు కావచ్చు, కాకపోవచ్చు. మతం పేరు ఆమెకు అంటగట్టడం ఎంత తొందరపాటో ఇదీ అంతే. ‘మతం: లేదు’ అని రాయండి. ‘లేదు’ అన్నది గడి అడిగిన ప్రశ్నకు జవాబు, పాప మీద తీర్పు కాదు. పౌరుడు తనకు మతం లేదని చెప్పుకోవచ్చని బొంబాయి హైకోర్టు 2014లో చెప్పింది. జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి ఉంచాలని తెలంగాణ హైకోర్టు 2023లో ఆదేశించింది. మీ రిజిస్టరులో మొదట రాసిన మాటను ఒక గీతతో కొట్టి, పక్కన ‘లేదు’ అని రాసి, తేదీ వేసి, తండ్రి చేత సంతకం పెట్టించండి.