స్వీటెనింగ్ యూనిట్‌లో చక్కెర ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో ఒక రిఫైనరీలో అప్రెంటిస్‌గా చేరాడు. "అమ్మా, నన్ను స్వీటెనింగ్ యూనిట్‌లో వేశారు" అని ఫోన్ చేశాడు. పెట్రోలు తీసే చోట తీపితో పనేంట్రా అంటే నవ్వి ఊరుకున్నాడు. అదే వారం ఇంగ్లిష్ పేపర్లో ఎవరో షేర్‌హోల్డర్లకు ఇచ్చిన ఆఫర్‌ని ‘స్వీటెన్’ చేశారని చదివాను. నా దగ్గరున్న నిఘంటువులో ‘తియ్యగా చేయు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఈ మాట సంగతేమిటో కాస్త చెప్తారా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ నిఘంటువుది తప్పేం లేదండీ, పిసినారితనం అంతే. కాఫీలో పంచదార వేస్తే స్వీటెన్ చేసినట్టే. ఎవరూ ఏమీ వేయకపోయినా దానంతట అదే తీపెక్కితే దానికీ ఇదే క్రియ. ఉల్లిపాయలు సన్నసెగ మీద మగ్గి తీపెక్కడం ఇలాంటిదే. ఆలుగడ్డల సంగతి మరీ చిత్రం. వాటిని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచితే లోపలి పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. చిప్స్ కంపెనీల వాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. చక్కెర పెరిగిన దుంపని నూనెలో వేస్తే లోపల ఉడికేలోగా పైన నల్లబడుతుంది, రుచి కూడా చేదెక్కుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని ‘కోల్డ్ ఇండ్యూస్డ్ స్వీటెనింగ్’ అంటారు. ఇంట్లో వేపుడు మాడుతోందని మూకుడుని తిట్టే ముందు దుంపలు ఎక్కడ నిలవుంచారో చూసుకోండి.

ఇక మీ అబ్బాయి యూనిట్. అక్కడ చక్కెర ఉండేది టీ బ్రేక్‌లోనే. ముడిచమురులో గంధకం ఉంటుంది. అది 0.5 శాతం కంటే తక్కువుంటే ‘స్వీట్’ క్రూడ్, ఎక్కువుంటే ‘సోర్’ క్రూడ్. పూర్వం నూనెబావులు తవ్వేవాళ్లు కొంచెం నాలుకకు రాసుకుని, వాసన చూసి ఇది తీపి, ఇది పులుపు అని తేల్చేవారని చెబుతారు. గంధకం చేసే గొడవ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన, విషవాయువు. దీన్ని అమీన్ అనే రసాయన ద్రావణంతో కడిగి తీసేస్తారు. రెండోది మెర్కాప్టాన్లు. ముక్కుపుటాలు అదిరే కంపు వీటిది, పైగా లోహాన్ని తినేస్తాయి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. విమాన ఇంధనాన్ని స్వీటెన్ చేసేటప్పుడు మెర్కాప్టాన్లని బయటికి తీసెయ్యరు. క్షారమూ గాలీ ఉత్ప్రేరకమూ కలిపి వాటిని డైసల్ఫైడ్లనే వేరే పదార్థంగా మార్చేస్తారు. మెరాక్స్ అని మీ అబ్బాయి అంటుంటాడు చూడండి, ఆ పద్ధతిలో జరిగేది ఇదే. గంధకం ఎంత ఉందో దాదాపు అంతే ఉంటుంది, పోయేది కంపూ తినేసే గుణమూ. వంటగ్యాస్‌లో మాత్రం మెర్కాప్టాన్లని నిజంగానే లాగి పారేస్తారు. అంత కష్టపడి వాసన పోగొట్టాక, సిలిండర్‌లోకి పంపే గ్యాస్‌కి మళ్లీ ఇథైల్ మెర్కాప్టాన్ చిటికెడు కలుపుతారు! లీకైతే మన ముక్కుకి తెలియాలి కదా. వాసన తీసేదీ వాళ్లే, లెక్కగా వేసేదీ వాళ్లే.

అంటే ఈ క్రియ తీపిని కలపడమే కాదు, పులుపునో కంపునో తగ్గించడం కూడా. ఇంగ్లిష్ రైతులు నేలని స్వీటెన్ చేస్తారు. ఆమ్లగుణం ఎక్కువైన పొలంలో సున్నం చల్లడమన్నమాట. షేక్‌స్పియర్ నాటకంలో లేడీ మాక్‌బెత్ రక్తపు వాసన వదలని తన చేతిని అరేబియా అత్తరులన్నీ పోసినా స్వీటెన్ చేయలేవని ఏడుస్తుంది. అక్కడ ‘తియ్యగా చేయు’ అని రాస్తే చదివేవాడు ఆమె చెయ్యి నాకుతోందేమో అనుకుంటాడు. మన ‘కమ్మని’ అక్కడ పనికొస్తుంది. కమ్మని నెయ్యి, కమ్మని వాసన, కమ్మని పాట... నాలుకకీ ముక్కుకీ చెవికీ సరిపోయే మాట అది. ఇంగ్లిష్ స్వీట్‌కి తెలుగులో దగ్గరి చుట్టం చాలాసార్లు తీపి కాదు, కమ్మదనమే.

అమెరికా టీవీవాళ్లకి చెవిలో వేసే తీపి ఇంకోటి ఉంది. 1950లలో ఛార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు రకరకాల నవ్వులు రికార్డు చేసి ఒక పెట్టెలో పెట్టుకున్నాడు. స్టూడియోలో జనం చాలినంత నవ్వకపోతే మీట నొక్కి ఇంకొంచెం నవ్వు కలిపేవాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు స్వీటెనింగ్. మన టీవీ కామెడీలో పేలని జోకు మీద కూడా నవ్వులు కురుస్తుంటే ఆ పెట్టె గుర్తు చేసుకోండి.

ఇప్పుడు షేర్ల ఆఫర్. నేను చాలాకాలం ఒక దినపత్రిక బిజినెస్ డెస్క్‌లో వార్తాసంస్థలు పంపే ఇంగ్లిష్ వార్తలు తెలుగు చేశాను. ఈ క్రియ వచ్చినప్పుడల్లా కొత్తగా చేరిన పిల్లలు ‘తీపి ప్రతిపాదన’ అని రాసి తెచ్చేవాళ్లు, వినడానికి పెళ్లిసంబంధంలా ఉండేది. జరిగేది ఇంతే: ఒకరు కంపెనీని కొనాలని షేరుకి 100 రూపాయలిస్తామంటారు, వాటాదారులు బెట్టు చేస్తారు, 112 ఇస్తామంటారు. వాటాదారులందరికీ ఇలా ఇచ్చే ‘ఓపెన్ ఆఫర్’ ధరని పెంచుకోవడానికి షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ నిబంధనలు ఒప్పుకుంటాయి. డబ్బే పెంచాలని లేదు, ఊరించేది ఏదైనా కలపొచ్చు. కారు అమ్మేవాడు ఫ్లోర్ మ్యాట్లు ఉచితంగా ఇస్తాననడమూ, బిల్డరు మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తాననడమూ ఆ బాపతే. దీనికి మనకి రైతుబజారులో రోజూ వినే మాటుంది: కొసరు. అసలు కన్నా కొసరు ముద్దు అన్నది అమ్మేవాళ్లకి బాగా తెలుసు. ప్రభుత్వమో పార్టీయో కలిపితే మా డెస్క్‌లో ‘తాయిలం’ అనేవాళ్లం. పిల్లల్ని బుజ్జగించడానికి పెట్టే చిరుతిండి పేరు ఎన్నికల వార్తల్లోకి ఎక్కి కూర్చుంది. ఇంగ్లిష్ ‘స్వీటెనర్’కి ఇంతకన్నా మంచి తెలుగు నాకు దొరకలేదు. ఒక్క జాగ్రత్త: బ్రిటిష్ పేపర్లలో స్వీటెనర్ అంటే లంచం కూడా కావచ్చు. అప్పుడు తాయిలం చాలదు, చెయ్యి తడపడమే.

ప్రశ్న: ‘స్వీటెన్ ద పిల్’, ‘షుగర్‌కోట్’ రెండూ ఒకటేనా? పిల్లలకి చెప్పాలి. అలాగే స్వీటెన్‌లో ‘ట’ పలకాలా వద్దా?
– ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: ‘ట’ పలకాలి మాస్టారూ. సాఫెన్, లిసన్, ఫాసన్ అనే మాటల్లో ‘టి’ అక్షరం మూగది కాబట్టి పిల్లలు దీనికీ అదే అంటగడతారు. స్వీట్‌లో ఉన్న ‘ట’ స్వీటెన్‌లోనూ ఉంటుంది.

రెండూ ఒకటి కాదు. మిమ్మల్ని దూరపు మండలానికి బదిలీ చేసి, క్వార్టర్ కూడా ఇస్తున్నాం అంటే మాత్రని స్వీటెన్ చేసినట్టు. బదిలీ చేదుగానే ఉంది, దాన్ని ఎవరూ దాచలేదు, మింగడానికి బెల్లంముక్క ఇచ్చారు. అదే "చల్లటి గాలి, పచ్చటి పొలాలు, మీ అదృష్టమండీ" అని బదిలీని బహుమతిలా చూపిస్తే షుగర్‌కోట్ చేసినట్టు. రెండోదాన్ని ఇంగ్లిష్‌వాళ్లు ఎక్కువగా ఎత్తిపొడుపుగానే వాడతారు. మన ‘తేనె పూసిన కత్తి’ని ఈ రెండింటికీ జత చేయొద్దు. అందులో పొడిచే ఉద్దేశం ఉంది, బదిలీ చేసిన ఆఫీసరుకి పాపం అంత పగ ఉండకపోవచ్చు.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. ఆరెంజ్ జ్యూస్ డబ్బా మీద ‘అన్‌స్వీటెన్డ్’ అని చూసి ధైర్యంగా తాగుతున్నాను. పర్వాలేదా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ధైర్యం కొంచెం తగ్గించండి. ఆ మాటకి తయారీదారు తీపి కలపలేదనే అర్థం, తీపి లేదని కాదు. కమలాపండు తన చక్కెర తను తెచ్చుకుంటుంది. 100 మిల్లీలీటర్ల రసంలో సుమారు 8 గ్రాములుంటుంది, పెద్ద గ్లాసుడు తాగితే మీరే గుణించుకోండి. తీపి వేయని మామూలు పాలలో కూడా లాక్టోజ్ అనే చక్కెర 100 మిల్లీలీటర్లకి 5 గ్రాములకి దగ్గరగా ఉంటుంది. ‘నో యాడెడ్ షుగర్’ అన్నది కూడా ఈ కోవలోదే. డబ్బా ముందువైపు అక్షరాలు వదిలేసి వెనక పట్టికలో ‘టోటల్ షుగర్స్’ అన్న వరస చూడండి. ఎంత తాగొచ్చో ఆ అంకె పట్టుకెళ్లి మీ డాక్టరుగారిని అడగండి.